కాంటాల షాపు

పరకాల అంగడి సందుల
మా నాయిన పెట్టిన కాంటాల రిపేరు దుకాణం.
ముల్లు వంగినా, స్ప్రింగు సడలినా
నా దగ్గరికే వచ్చేటోళ్లు.

ఈ యేడు రిపేరుకు ఎవ్వరు తెస్తలేరు.
అమ్మేటందుకు తెస్తున్నరు.

కిరాణం ఓదెలుది, పెద్ద పల్లాలది,
ఇరవై ఏండ్ల చింతపండు వాసన ఇంకా పోలే.
పత్తి కొనే సాంబయ్యది, ప్లాట్‌ఫారం కాంటా.
"ఇనుప ధరకే పెట్టుకో, మల్ల చూద్దాం" అన్నడు.
నా కండ్లల్లకు చూడలే.
స్వీటు దుకాణం పిలగానిది
కొత్తది, డబ్బా సుత విప్పలే,
కిస్తీలు మాత్రం ఇంకా ఎనిమిది ఉన్నయట.

ముద్రలేసే సారు సుత వచ్చి
స్టూలు మీద గంటసేపు ఊకె కూసున్నడు.
కిలో రాయిని కరెంటు బిల్లుల మీద పెట్టిన, ఎగిరిపోకుంట.
ఎగిరిపోతేనే మంచిగుండు.

నేను సుత ఏమిచ్చి కొంట?
గల్లాల చెయ్యి పెడితే తాళంచెవులే తగులుతయి.
అయినా వద్దనలేక
గోడకు పట్టినయి గోడకు, పట్టనియి మూలకు.
తలుపు తెరిస్తే గాలికి అన్నీ కలిసి ఊగుతయి,
దేన్ని తూస్తున్నయో ఏమో.

మొన్న మూడు నూర్లకు తక్కెడ ఇచ్చిపోయిన ఐలవ్వ
నిన్న మల్ల వచ్చింది.
"బిడ్డా, అంగడి ఒక్కరోజుకు కిరాయికియ్యి,
టమాటలు సగం ధరకు దొరికినయి."
కాంటాకు కిరాయి! నాయిన ఉంటే నవ్వేటోడు.

ముల్లు సున్నకు తెచ్చి ఇచ్చిన.
మాపటికి తెచ్చింది,
పల్లెంల నాలుగు టమాటలు, ఒకటి పగిలింది.
కిరాయి రాసుకోలే.

ఇయ్యాల పొద్దుగాల
ఓదెలు వచ్చి గడప అవతల్నే నిలబడ్డడు.
"వచ్చే అంగడికి
నాది ఖాళీగుంటదా?"