వాకిట్లో కర్ర

అమామీ దీవిలో ప్రతి మలుపు దగ్గరా
ఓ పొడవాటి కర్ర చేరగిలబడి ఉంటుంది.
ఎవరిదీ కాదు. అందరిదీ.
చెరుకుతోట గట్టున, శ్మశానం మెట్ల పక్కన,
బడి గోడకి, బస్సు ఆగే రేకుల షెడ్డుకి.
పెళ్ళై వచ్చిన కొత్తలో
బట్టలారేసుకోడానికని ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.
మా అత్త చియొమాత్సు నోట మాట రాక
నా చేతిలోంచి లాక్కుని
చీకటి పడేలోపు దాని చోట పెట్టి వచ్చింది.

దాని పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.
పొడుగాటిది అంటారు. అంతే.
"నిన్న పొడుగాటిది కోడిపిల్లని మింగిపోయింది."
"పొడుగాటిది తిరుగుతోంది, అటు వెళ్ళకు."
పేరున్న వాళ్ళెవరైనా పిలిస్తే పలుకుతారు కదా,
అదీ ఆమె లెక్క.

మా పెరటికి పగడపు రాళ్ళ గోడ.
సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి.
తుఫానొస్తే గాలి సందుల్లోంచి పోతుంది, గోడ నిలుస్తుంది.
ఆ సందుల్లోనే అది ఉంటుంది.
గాలికి వదిలిన దారి గాలికే అని
గోడకి ఎవరు చెప్తారు?

మా ఆయన సకుజి కుడి చూపుడువేలు
కొక్కెంలా వంగి ఉంటుంది.
చెరుకు కొట్టే రోజుల్లో, ఆకుల కింద, రెప్పపాటు.
ఆ వేలితోనే మా పిల్లకి అంకెలు చూపించాడు.
ఒకటి రాయమంటే అది చాలాకాలం
తల వంచుకున్న ఒకటి రాసేది.

ఎప్పుడో, నేను రాకముందు,
దాన్ని చంపుతుందని ముంగిసల్ని తెచ్చి అడవిలో వదిలారట.
ముంగిసది పగటి డ్యూటీ, దానిది రాత్రి డ్యూటీ.
ఒకే మిల్లులో పనిచేస్తూ
మొహమొహాలు చూసుకోని కూలీల్లా
అవి ఎదురుపడిందే తక్కువ.
మధ్యలో నల్ల కుందేళ్ళు పోయాయి,
ఎవరి మీదా ఏ పగా లేనివి.
తర్వాత ముంగిసల్ని పట్టడానికి మనుషుల్ని పెట్టారు.
మూడేళ్ళు మా పొయ్యి ఆ జీతంతోనే వెలిగింది.

పోయిన తుఫాను రాత్రి కరెంటు పోయింది.
సకుజి పడవ కట్టుకోడానికని వెళ్ళి రేవులోనే చిక్కుకున్నాడు.
అత్త పక్క మీద. ఇప్పుడామెకి నేనెవరో
ఒకోసారి తెలుస్తుంది, ఒకోసారి తెలీదు.
టార్చి వెలుగులో, బియ్యం డబ్బా వెనక,
చాప అంచు కదిలినట్టు కదిలింది.
బంగారు రంగు. బల్లెం ములుకులాంటి తల.
నా చేతిలో గరిటె.
ఇప్పుడు తలచుకుంటే నవ్వొచ్చేది ఆ గరిటెకే.

"అత్తా, కదలకు" అన్నాను.
ఎన్నాళ్ళకో తెలివొచ్చిన గొంతుతో
దుప్పట్లోంచి ఆమె,
"దానికీ వాన పడదు. కూర్చోనీ" అంది.

కూర్చోనివ్వలేదు. నాకంత పెద్ద మనసు లేదు.
కొక్కెం కర్రతో మెడ అదిమి, పెట్టెలోకి తోసి,
ముల్లంగి ఊరబెట్టే జాడీ మీది రాయి తెచ్చి
మూత మీద పెట్టి, తెల్లవార్లూ పక్కనే కూర్చున్నాను.
వాన హోరు తగ్గినప్పుడల్లా
లోపల చెక్కని రాసుకుంటున్న చప్పుడు.
పాము చెవులంటారు గానీ దానికి చెవులే లేవట.
మరి నేను ఊపిరి బిగబట్టినప్పుడల్లా
అదీ ఎందుకు ఆగిందో.

పొద్దున్నే ఆఫీసుకి పట్టుకెళ్ళాను.
ప్రాణంతో తెస్తే మూడు వేల యెన్లు.
పెద్ద దీవి నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా కుర్రాడు
కాళ్ళు రెండూ కుర్చీ మీదికెత్తుకుని కాగితం తీశాడు.
"ఎక్కడ దొరికింది?"
"ఇంట్లో."
"ఎవరింట్లో?"

మామూలు ప్రశ్నే. గడి ఖాళీగా ఉంది.
ఆ గోడలోకి ముందొచ్చింది ఎవరో లెక్కేస్తూ
కాసేపు నిలబడ్డాను.
వెనక లైన్లో ఎవరో దగ్గారు.
ఒకే అక్షరంలో రాసే మా ఇంటిపేరు రాశాను.

ఆ డబ్బుతో టార్చికి బ్యాటరీలు, అత్తకి నల్లబెల్లం.
మిగిలిన దాంతో కర్ర కొసకి కొత్త ఇనప కొక్కెం.

ఇల్లు చేరి, గడప ముందు
కర్రతో మూడుసార్లు తట్టి,
కాస్త ఆగి,
లోపలికి వెళ్ళాను.