రెండు గాట్లకు అవతల

అచ్చంపేట ఆస్పత్రిలో పదకొండేండ్లు.
నాకు పాము అంటే రెండు గాట్లు,
పిక్క మీద వాపు,
కొంగు చింపి బిగించిన కట్టు,
గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు నిలబెట్టిన నెత్తురు.
గడ్డకట్టిందా, కట్టలేదా.

ఎప్పుడన్నా పాము కూడా వస్తది,
యూరియా సంచిలో, తల చితికి.
"గిదే సిస్టర్, గిదే కరిసింది" అని
టేబుల్ మీద బోర్లిస్తరు.
ఓసారి అది ఉత్త నీరుకట్టె.
కాటు నిజమే, విషం లేదు.
చంపినోడు మాత్రం తెల్లారేదాక వణికిండు.

ఇన్నేండ్లలో
తన పని మీద తను పోతున్న పామును
ఒక్కదాన్ని చూడలేదు.

అందుకే ఈ ఏడు మన్ననూరు ఘాటెక్కుదామనుకున్న.

ల్యాబు మొయినుద్దీన్ వస్తనన్నడు.
"పైసలిచ్చి భయం కొనుక్కునుడా" అని నవ్వి
మర్నాడు వాళ్ల బావ జీపు అడిగొచ్చిండు.
మందుల చీటీ వెనక రాసుకున్నం:
మోకాళ్ల దాకా బూట్లు, సంతలో మూడొందల యాభై.
టార్చులు రెండు, ఒకదానికి ఎర్ర కాగితం అంటించాలె.
అటవీ ఆఫీసు పర్మిషన్, ఆధార్ జిరాక్సులు.
జొన్నరొట్టెలు, పల్లీల పొడి.
అడుగున మొయిన్ రాసిండు: విషం విరుగుడు, పది సీసాలు.
కొట్టేసిన.
ఆ సీసాలు వార్డువి.

నిమ్మల ఈదయ్యకు ఫోన్ చేస్తే
సిగ్నల్ దొరికే బండ దాకా నడిచొచ్చి మాట్లాడిండు.
మూడేండ్ల కింద మా నాలుగో మంచం,
ఎడమ పాదం, చిన్న పింజరి.
"ఏమేం చూపిస్తవు ఈదయ్యా?"
"సూపిచ్చుడేంది సిస్టరమ్మా, కూసుంటం.
సెంటు పూసుకోవద్దు. దగ్గొస్తే మింగాలె.
ఉడుము తొమ్మిదింటికి తూర్పు బండ మీదికొస్తది,
నీ తీర్గనే డ్యూటీకి.
తొండ మెడ ఎర్రవడ్డదంటే
మొగులు దగ్గరున్నట్టు.
చిన్న పింజరి బండ అంచుకు సుట్టలు సుట్టుకొని
ఒంటికి ఒళ్లు రుద్దుకుంటది,
కాగిన పెనం మీద నీళ్లు సల్లినట్టు ఇనవడ్తది.
గా సప్పుడైతే ఆడనే ఆగాలె.
నాకూ ముందే జెప్పింది అది.
నేనే ఇనలే."
లైను తెగింది.

ఆ చప్పుడు కోసమే పోవాలె నేను.
పదకొండేండ్లుగా దాని తర్వాతి సంగతే చెప్తున్నరు నాకు,
ముందటి సంగతి ఎవరూ చెప్పరు.

చిక్కల్లా తారీఖు.
"తొలకరి పడ్డ రెండో రాత్రి రా" అన్నడు ఈదయ్య,
"అన్నీ బయటికొస్తయి."
తొలకరి పడ్డ రెండో రాత్రి
నా వార్డుకూ వస్తరు,
పత్తి గింజలు పెట్టబోయినోళ్లు,
వాకిట్ల చాపేసుకొని పండుకున్నోళ్లు,
బర్రె కోసం చీకట్ల కట్ట దాటిన
పద్నాలుగేండ్ల పిల్ల.

సెలవు చీటీ మూడుసార్లు రాసిన.
కారణం అన్న కాడ మొదట 'సొంత పని'.
రెండోసారి 'ఊరికి'.
మూడోసారి ఉన్నదున్నట్టు:
'పామును చూసి వచ్చేందుకు.'
డాక్టరమ్మ చదివి, అద్దాలు తీసి,
"రోజూ ఇదే కదా సువార్తా మన బతుకు" అన్నది.
ఏం చెప్పాలో తోచక
యూరియా సంచి గురించి చెప్పిన.
ఆమె చాలాసేపు ఊకున్నది.

సంతకం ఇంకా పడలేదు.
చీటీ బీపీ మిషన్ కింద ఉన్నది.
ఉమామహేశ్వరం గుట్టల మీద
నిన్నటి నుంచి మబ్బు కదలదు.

పొద్దున ఊరికే బూట్లు తొడిగి చూద్దామని
ఈదయ్య చెప్పినట్టు బోర్లించి దులిపిన.
బల్లి పిల్ల ఒకటి పడ్డది.
నన్ను చూసింది.
తొందరేం లేనట్టు గోడెక్కి
ట్యూబులైటు వెనక్కి పోయింది.

కొత్త నోట్‌బుక్ తెరిచి
తారీఖు వేసి
దాన్ని రాసుకున్న.