నిమ్ము

పొద్దున్నే లేవగానే మొదటి పని
తేమ పీల్చే యంత్రం అడుగున బకెట్టు పారబోయడం.
రాత్రికి రెండు లీటర్లు.
వాడుక పాలు పోయించుకున్నట్టు, లెక్క తప్పదు.

పలకరాయి గనివాళ్ళు కట్టుకున్న ఇల్లు.
గోడ రెండడుగుల మందం.
అటొక రాయి, ఇటొక రాయి,
నడుమ మట్టీ, రాతిపొడీ, నూటయాభై ఏళ్ళ చీకటీ.
వేల్స్ కొండల్లో వాన పైనుంచి పడదు.
పక్కనుంచి వస్తుంది,
అప్పులవాడిలా గోడనానుకుని నిలబడుతుంది.

పొయ్యి పక్కన గోడకు ఉప్పు పూసింది.
వేలితో గీరి నాలిక మీద పెట్టుకున్నాను, ఎందుకో.
బీరువా వెనక బూజు,
చావుకీ పెళ్ళికీ వేసుకునే నా ఒక్క మంచి కోటు మీద పచ్చటి బూజు.
గోడలకు చెవులుంటాయంటారు.
ఊపిరితిత్తులు కూడా ఉంటాయని,
వాటికి నిమ్ము చేస్తుందని
దగ్గు నాకొచ్చాక తెలిసింది.

కంపెనీ కుర్రాడొచ్చాడు, మెరిసే బూట్లతో.
రెండు ముళ్ళ మీటరు గుచ్చాడు. కీచుమంది.
ఎక్కడ గుచ్చినా కీచుమంది.
"నేలలోంచి పాకుతోందండీ నీరు.
గోడ మొదట్లో చిల్లులు పొడిచి మందెక్కిస్తాం.
నాలుగువేల పౌండ్లు. ఇరవయ్యేళ్ళ గ్యారంటీ."
నాకు డెబ్బైమూడు.
గ్యారంటీ ఎవరికో అడగలేదు.

ఇడ్వల్ మధ్యాహ్నం వచ్చాడు, సైకిలు మీద.
డాక్టరు వీపు మీద తట్టినట్టు
వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ పోయాడు.
బయటికెళ్ళి చూరు కాలువ చూశాడు. అందులో పక్షిగూడు, మొలిచిన గడ్డి.
పెరటి మన్ను గడప కన్నా జానెడు ఎత్తుకొచ్చింది, అదీ చూశాడు.
ఆఖర్న సిమెంటు పూత మీద చెయ్యి వేసి,
"దీనికి రెయిన్‌కోటు తొడిగిందెవరు?" అన్నాడు.
"తొడుక్కుని కొండెక్కి చూడు, మైర్వెన్.
వాన లోపలికి రాదు. చెమట బయటికి పోదు."

మూడు రోజులు ఉలీ సుత్తీ.
పెచ్చులు పెచ్చులుగా ఊడింది సిమెంటు,
వెనకవైపు తడి, అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు.

మూడోరోజు, వెనక తలుపు పక్కన, కింద,
సుత్తి ఆగింది.
టీ పట్టుకెళ్ళాను.
మోకాళ్ళ మీద కూర్చునున్నాడు.
పూతలో మేకుతో గీసిన రెండక్షరాలు, 1976,
పక్కన బొటనవేలి ముద్ర.
తన బొటనవేలు అందులో పెట్టి చూపించాడు.
ఇప్పుడది పట్టలేదు, లావెక్కింది.

"కౌన్సిల్ గ్రాంటిచ్చిన ఏడు.
ఇరవయ్యేళ్ళు నాకు. వీధి వీధంతా నేనే కప్పాను.
మా మేస్త్రి అన్నాడు, రాయికి ఊపిరాడదురా అని.
ముసలాడికి సున్నం పిచ్చి అనుకున్నాను."
కాసేపాగి,
"ఎనిమిదిళ్ళు," అన్నాడు.
ఒక్కో ఇంటి పేరూ చెప్పాడు.
నేను ఒక్కో ఇంటి దగ్గూ గుర్తు చేసుకున్నాను,
పైకి అనలేదు.
టీ చల్లారింది. తాగాడు.

తర్వాత సున్నం. మేకవెంట్రుకలు కలిపిన సున్నం,
పెరుగన్నంలా చల్లగా.
ఒక పూత, ఎదురుచూపు. ఇంకో పూత, ఇంకా ఎదురుచూపు.
ఎండకు కాక తొందరకు పగులుతుందట,
అందుకని తడి గోనెపట్టాలు కప్పి,
పసిబిడ్డని చూసినట్టు రోజుకు రెండుసార్లొచ్చి చూసేవాడు.
అడిగితే నెలకో అంగుళం అనేవాడు,
ఆరడమో, మరిచిపోవడమో చెప్పకుండా.

చలికాలం వచ్చింది.
పడమటి గాలి కొట్టినప్పుడు
పొయ్యి పక్క గోడ కాస్త ముదురు రంగుకు తిరుగుతుంది.
గాలి మళ్ళితే తెల్లబడుతుంది.
ఆ మచ్చ పోదన్నాడు. పోనక్కర్లేదన్నాడు.
బకెట్టులో ఇప్పుడు పొయ్యి బొగ్గులు.

బిల్లు పోస్టులో వచ్చింది, పెన్సిలు రాత.
సున్నం ఇంత. వెంట్రుకలు ఇంత. చూరు కాలువ ఇంత.
సిమెంటు కొట్టేసిన కూలి, మూడు రోజులు,
ఎదురుగా ఒక గీత.

నిన్న వీధి చివర సుత్తి చప్పుడు వినిపించింది.
ఆ ఇంట్లోవాళ్ళు పిలిచారో,
తనే వెళ్ళి తలుపు కొట్టాడో.