తోడు

మధురవాడలో మా వీధి చివర, కొండవాలు గెడ్డలోకి దిగే చోట
నూట నలభై ఇళ్ల మురుగు వచ్చి చేరే సిమెంటు తొట్టి.
దాని మాటెత్తితే చాలు
మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది.

చూసుకునే మనిషి మైలపల్లి ఎల్లాజీ.
హార్బరులో పదిహేనేళ్లు బోటు ఇంజను నడిపాడు.
ఇంటిపేరు విని కమిటీలో ఒకాయన కిసుక్కుమన్నాడు.
ఆ ఒకాయన నేనే. కోశాధికారిని.

బ్లోయరు రాత్రంతా తిరగాలా,
కరెంటు బిల్లు ఎవడబ్బ సొమ్మని
సంతకం ఆపిందీ నేనే.

"తిరగాల బాబూ. నీళ్లలో పురుగులున్నాయి, కంటికి ఆనవు.
మనం ఒదిలేసిందే ఆటికి కూడు.
గాలాడితే తింటాయి, గాలాగితే సస్తాయి.
మీరయినా నేనయినా అంతే గదేటి."

రోజూ ఆరింటికి గాజు జాడీతో లీటరు ముంచి
గట్టు మీద పెడతాడు.
బెల్లం నీళ్ల రంగు. అరగంట ముట్టుకోడు, ముట్టుకోనివ్వడు.
మడ్డి మెల్లగా కిందికి, తేట పైకి.
ఇండుపగింజ అరగదీసిన మా అమ్మ బిందె గుర్తొచ్చింది నాకు,
ఆ మాట ఎవరితోనూ అనలేదు.
మడ్డి మూడొందల గీత దగ్గర ఆగితే బీడీ ముట్టిస్తాడు.
ఐదొందలు దాటిన రోజు ముట్టించడు.

అడుగున దిగిన దాన్ని మళ్లీ మొదటి తొట్టికే తోడుతుంటే
పారబొయ్యవేం అన్నాను.
"పెరుగంతా తినేస్తే
రేపు పాలల్లోకి తోడేటేత్తారు?"

కార్తీకంలో గాలివాన. మూడు రోజులు కరెంటు లేదు.
జనరేటరు డీజిలుకి నేను లెక్క అడిగాను.
నేను అడుగుతూ ఉండగానే అది ఆగిపోయింది.

నాలుగో రోజుకి తొట్టి నల్లబడింది.
కుళ్లిన గుడ్డు వాసన
డూప్లెక్సుకీ రేకుల షెడ్డుకీ ఒకే కొలత పెట్టి పంచింది.
వీధంతా మొదటిసారి అక్కడికొచ్చింది, రుమాళ్లతో.

ఎల్లాజీ ఎవరినీ ఏమీ అనలేదు.
ట్రాలీ ఆటో మాట్లాడి
ఎండాడలో ఇంకో కాలనీ తొట్టి నుంచి
రెండు డ్రమ్ముల మడ్డి అడిగి తెచ్చాడు.
వెనకాల డ్రమ్ము పట్టుకు కూర్చున్నది నేను.
స్పీడుబ్రేకరు దగ్గర చొక్కా మీద చిందింది.
తుడుచుకోలేదంటే అబద్ధం.
రెండోసారి చిందినప్పుడు మానేశాను.

తర్వాత పదకొండు పొద్దులు
పొరుగింట తెచ్చిన తోడుతో పాలు పేరుకుంటాయో లేదోనని
గిన్నె మూత తీసి తీసి చూసే ఇల్లాలిలా నేను.
"కదపకండి బాబూ" అతను.

పన్నెండో నాడు జాడీలో తేట.
అవతలి గట్టు కనిపించింది అందులోంచి, కొంచెం వంకరగా.
చెయ్యి చాచాను.
"తాగీవి కావు. దానికింకా పనుంది.
మొక్కలకయితే పరవానేదు."

మూడొందల ఇరవై.
పుస్తకం తెరిచి పెన్ను నాకిచ్చాడు, కళ్లజోడు మరిచిపోయానని.
పరీక్ష చేసినవారు అన్న గడిలో
అతని పేరు రాశాను,
ఇంటిపేరు ముందు పెట్టి,
పొట్టిగా కాకుండా, పూర్తిగా.