జీడిపిక్కంత

కుర్రతనంలో నేను రాసిన కథల్లో
యంత్రాలకి ఎర్ర కళ్లుండేవి.
అవి మహేంద్రగిరి దిగి వచ్చేవి,
పలాస స్టేషన్ని ఒక్క అడుగుతో నలిపేసేవి.
చివరి పేజీలో ఒక సైన్సు మాస్టారు
ఏదో తీగ తెంపి లోకాన్ని కాపాడేవాడు.

అసలుది వచ్చినప్పుడు
అట్టపెట్టెలో వచ్చింది, దూది మధ్య.
జీడిపిక్కంత ఉంది.
జీడిపిక్కలాగే నడుం వంచుకుని ఉంది.
ఉద్దానంలో ఊరూరా మనుషుల ఒంట్లోకి దూరి
పాడైన కిడ్నీ పక్కన కూర్చుని
చప్పుడు చెయ్యకుండా రక్తం కడిగింది.
డయాలసిస్ మంచాల మీద దుమ్ము పేరుకుంది.
దానికి కొబ్బరికాయ కొట్టాం.
నిజం చెప్పాలంటే నేనే కొట్టాను,
కాశీబుగ్గ సెంటర్లో ఆపరేటర్ని నేనే గనక.

నెలకోసారి వచ్చి
గాజుపలక మీద బొటనవేలు పెట్టాలి.
పచ్చదీపం వెలిగితే ఇంకో ముప్ఫై రోజులు.
అంతకంటే ఏమీ అడగదు.

తామాడ దమయంతి
పద్నాలుగో ఏటి నుంచీ జీడి బట్టీలో పిక్కలు కొడుతోంది.
రోజుకి కొన్ని వేల చిన్న చిన్న కిడ్నీలు
ఆమె వేళ్ల మధ్య పగిలి తెల్లగా బయటపడతాయి.
జీడిసొన ఆ వేళ్లని నల్లగా తిని
గీతలన్నీ ఎత్తుకుపోయింది.

వేలు పెట్టింది.
"మీరు దమయంతి గారు కారు" అంది పలక,
ఎంతో మర్యాదగా.
"మరి నానెవుల్ని బావూ?" అంది నాకేసి తిరిగి.
కొంతసేపటి తర్వాత ప్రయత్నించమంది పలక.

కొబ్బరినూనె రాశాం. బూడిద పులిమాం.
పది వేళ్లూ అయ్యాయి.
ఇరవై రోజులు పని మానేస్తే
గీతలు మళ్లీ మొలుస్తాయన్నాడు తెరలో డాక్టరు.
"గీతలొత్తాయి సరే,
బియ్యమొత్తాయేటి?"

ముప్ఫైయో రోజు. సాయంత్రం ఐదున్నర.
ఆరింటికి ఆమె లోపలిది ఆగిపోతుంది.
కొత్త ముద్ర నమోదు అని ఒక మీటుంది, మూలగా.
అది నొక్కి
నా బొటనవేలు పెట్టాను.
పచ్చదీపం.
"స్వాగతం, దమయంతి గారూ."

ఇద్దరం పడీ పడీ నవ్వాం.
నాలుగేళ్ల నుంచీ
ప్రతి ఒకటో తారీకునా నేను దమయంతిని.

నేనూ ఈ బోరు నీళ్లు తాగి పెరిగినవాణ్నే.
ఈ మధ్య మేజోళ్లు విప్పితే
కాలి మీద వాటి అచ్చు గంటసేపు పోవడం లేదు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లాను.
కౌంటర్లో వేలు పెట్టాను.
"దమయంతి గారూ,
మీకు ఇదివరకే ఒకటి అమర్చాం.
ఒక మనిషికి ఒక్కటే."

పేరు మార్చమన్నాను.
తప్పకుండా అంది. పాతది ఆపేసి
కొత్తది మొదలుపెడతానంది.
సరే, వద్దు, తర్వాత: మూడు మీటలు చూపించింది.
దానికి కోపం లేదు, ఎవరి మీదా పగ లేదు.
ఎంత వెతికినా
తెంపడానికి బయటికి ఒక్క తీగా లేదు.

తర్వాత అని నొక్కి బస్సెక్కాను.
నరసన్నపేట దాటేసరికి చీకటి పడింది.
నా పాత కథల మాస్టారు గుర్తొచ్చాడు.
ఆయనైతే ఏ మీట నొక్కేవాడో
నాకే తెలియదు, రాసినవాణ్ని నేనే అయినా.

ఎల్లుండి ఒకటో తారీకు.
ఆమెకి చెప్పలేదు.
సొన మరకల కొంగులో జీడిబద్దలు మూటగట్టుకుని వస్తుంది.
"ఏటి బావూ, మొకం అలాగ ఉబ్బిపోనాది?
రేత్తిరంతా కతలు రాసినావేటి?" అంటుంది.

నేను చెయ్యి తుడుచుకుంటాను.
వేలు తడిగా ఉంటే
పలక చదవదు.