మైలుతుత్తం

ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో
చెట్టును తెచ్చాడు దేవసహాయం.
బొల్లారం నుంచి రాజేంద్రనగర్‌కు
మూడు బస్సులు మారి,
ఒళ్ళో పెట్టుకుని, మూత మీద అరచెయ్యి తియ్యకుండా.

బల్ల మీద కుమ్మరించాడు:
మూడేసి సూదుల కట్టలు,
కొసలు ఎర్రగా, మొదళ్ళు ఇంకా పచ్చగా.
"గోరింటాకు పెట్టుకున్నట్టున్నది మేడమ్.
పోయిన వానకాలం కింది కొమ్మలకే ఉండె,
ఇప్పుడు నా భుజం దాటింది."

ముప్పై ఏళ్ళుగా నా గదికి వచ్చేవి
వరి మెడవిరుపు, మిరప కాయకుళ్ళు, నిమ్మ గజ్జి.
చర్చి ఆవరణలోని పైన్ చెట్టు రావడం ఇదే మొదలు.
ఈ ఊళ్ళో అది ఎవరికీ చుట్టం కాదు.
ఏ దొర నాటాడో,
మంచు మొహం చూడకుండానే
బండనేల మీద అరవై అడుగులు లేచింది.

భూతద్దం కింద గోరింటాకు లేదు.
పట్టీలు పట్టీలుగా ఎరుపు,
పట్టీ నడుమ పొర చీల్చుకుని నల్లచుక్కలు,
చేయి తిరిగిన దర్జీ కుట్టినట్టు ఒకే వరస.
నీటిబొట్టులో వేస్తే
చుక్క పగిలి బీజాలు జారాయి,
సన్నగా, రంగు లేకుండా.
కాళ్ళు లేనివాటికి ఎంత తొందరో.

నీళ్ళెట్లా పెడతారు?
"గిర్రున తిరిగేది పెట్టిండ్రు మేడమ్.
పొద్దుమూకి ఇడుస్త,
తెల్లారేదాంక కొమ్మలు తడిగనే ఉంటయి."
రాలిన సూదులు?
అప్పుడు ఆయన ముఖం వెలిగింది.
"ఒక్కటి బయట పారెయ్య.
ఇరవై రెండేండ్లసంది ఊడ్చి ఊడ్చి
మొదట్లనే పరుస్త, పరుపు లెక్క.
పిల్లలు ఆడ్నే కూసుంటరు."

ఆ పరుపులోనే పడుకుంది తెగులు.
తొలకరి దాన్ని తట్టి లేపుతుంది,
చిట్లిన చినుకు చినుకూ దానికి ఒక మెట్టు.
నువ్వు పరిచావు, అది ఎక్కింది అని
ఆ ముఖానికి చెప్పే భాష
నేను చదువుకోలేదు.
"ఎండల్లోనే ఎత్తి తగలబెట్టాలి" అన్నాను
కాగితంలోకి చూస్తూ.

కాగితం నింపాను.
కింది మూడు వరసల కొమ్మలు కొయ్యాలి, తడి లేని రోజు.
కోతకోతకూ రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి.
నీళ్ళు మొదట్లోకే.
కొత్త సూదులు విప్పుకునేటప్పుడు బోర్డో మందు,
మూడు వారాలకు మరోసారి.
మైలుతుత్తం ఒక పాలు, సున్నం ఒక పాలు, నీళ్ళు వంద.
ఇనుప బకెట్ వద్దు.
కలిపాక చాకు ముంచి చూడాలి,
రాగి అంటితే సున్నం చాలలేదని.

"కింది కొమ్మలా?" అన్నాడు.
డిసెంబరులో నక్షత్రాలు కట్టేది వాటికేనట.
"పైనయి దేవునియి మేడమ్, కిందియే పిల్లలయి."
కాసేపాగి,
"ఎర్రబడ్డయి మల్ల పచ్చగైతయా?"

కావు.
మందు ఇంకా పుట్టనివాటికే.

సూదులు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకోబోయాడు.
చెయ్యి అడ్డం పెట్టాను.
ఇవి ఇక్కడే కాలాలి.
ఖాళీ డబ్బాకు మూత పెట్టుకుని
అంతే పదిలంగా పట్టుకుపోయాడు.

జులైలో ఫోను.
"చాకు ఎర్రగైంది మేడమ్, ఇంకింత సున్నం కలిపిన.
రెండోపారి మంచిగనే ఉండె.
అయితే ఆ చాకు మా రూతమ్మది,
ఉల్లిగడ్డలు కోసేది.
పొద్దటిసంది నాతోని మాట్లాడ్తలేదు."

కొత్తది కొనివ్వమన్నాను.
చెట్టెలా ఉందని అడిగాను.

"అదా," అన్నాడు,
వెనక వాన చప్పుడు,
"బజార్ల నీళ్ళొచ్చినంక
లుంగీ ఎగ్గట్టుకోని నిలబడ్డ
పెద్దమనిషి లెక్కున్నది."