మూడో పుల్ల

ఏలూరు కాలువ కట్టేశారు.
గుణదల దాటాక, ఎండిన గుర్రపుడెక్క మీద నిలబడి
చిన్న వంతెనకి ముగ్గు పోశాం.
మళ్లీ నీళ్లు వదిలేదాకా యాభై ఎనిమిది రోజులు.

రేకుల షెడ్డు గోడకి నా బార్ చార్టు.
తవ్వకం పసుపు, పునాది నీలం, స్లాబు ఆకుపచ్చ.
అన్నిటినీ కుట్టుకుంటూ పోయే ఒక ఎర్ర గీత,
దాని మీద ఎవరు ఆలస్యమైనా
అందరూ ఆలస్యమే.

"చీర అంచులా ఉందమ్మా" అన్నాడు
సెంట్రింగు మేస్త్రి కాలేషా.
రెండు అగ్గిపెట్టెలు బోర్లించి
యాభై ఎనిమిది పుల్లలు లెక్కపెట్టి
మిగతావి టీ కొట్టుకి ఇచ్చేశాడు.
పనైన రోజుకో పుల్ల, పుల్లకో బీడీ.
మూడు మాత్రం లుంగీ ముడిలో. అవి లేనట్టే.

"ముందు నుంచి లెక్కేస్తే ఆశ పుడద్ది.
నీళ్లొచ్చే రోజు కాడ్నించి ఎనక్కి రా,
బయం పుడద్ది. పని దాంతోనే అవుద్ది."
కాలేజీలో సెమిస్టరంతా చెప్పిన పాఠం
మూడు దమ్ముల్లో అయిపోయింది.

నేనూ దాచాను మూడు రోజులు,
స్లాబు దగ్గర, తెల్లగా.
"ఈ ఖాళీ ఎందుకు?" అని
హైదరాబాదు ఆఫీసులో ఎవరో చెరిపేశారు.
రంగులన్నీ దగ్గరికి జరిగాయి,
సిటీ బస్సులో మనుషుల్లా.

మొదటి పుల్ల మిరపకి పోయింది.
కూలి ఎక్కువని ఆరుగురు ఫిరంగిపురం వైపు
ఆఖరి కోతకి వెళ్లారు.
నా కంప్యూటర్లో మిరపకాయకి గడి లేదు.
ఆ సాయంత్రం కాలేషా ముడి విప్పి
బీడీ లేకుండానే పుల్ల గీసి
వేళ్ల దాకా కాలేవరకూ చూశాడు.
రెండోది గాలివానకి.

ఆ తర్వాత ఫోను: "సెంట్రింగు ఒక్కరోజు ముందు విప్పేయండి."
కాలేషా స్లాబు మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.
"ఇంకా పచ్చిదే. ఇది ఫోనెత్తదు" అన్నాడు.

నీళ్లు చెప్పిన రోజే వచ్చాయి.
ముందు నురుగు, సీసాలు, ఎవరిదో ఒంటి చెప్పు,
వాటి వెనక నీళ్లు.
గోడలు తడవగానే అతను
మూడో పుల్ల నా చేతిలో పెట్టాడు.
గీశాను. చెమటకి మందు మెత్తబడింది,
వెలగలేదు.

రిపోర్టులో ఆలస్యం గడిలో
రెండు అని రాయాలి. రాశాను.
మిగులు గడిని వాళ్లే తీసేశారు కదా,
పుల్లని
పెన్నుల డబ్బాలో వేశాను.